పడవ ఎవరి పేరున

వాడరేవు

చిరంజీవి బ్రహ్మాజీని మీ అమ్మ సుబ్బరత్నం దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేను, నీ భార్య కుమారి, నీ కూతురు సాయి ప్రియ ముగ్గురం క్షేమం. ఈ ముక్క అలవాటు కొద్దీ రాయలేదు. నిజంగానే ఇవాళ్టికి ముగ్గురం క్షేమంగా ఉన్నాం. ఎలా ఉండగలిగామో చెప్పడానికే ఈ ఉత్తరం. అక్కడ మంగళూరులో నువ్వూ నీ బోటు వాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళూరు నుంచి వచ్చిన బాపట్ల కుర్రాడు తెచ్చి ఇచ్చాడు. ఫోను సముద్రంలో పడిపోయిందని ఎంత తీరిగ్గా రాశావురా! అదేదో బీడీ కట్ట పడిపోయినట్టు. కొత్తది కొనేదాకా ఉత్తరాలే రాస్తానన్నావు, రాయి. డ్వాక్రా గ్రూపు తీర్మానాలు రాసీ రాసీ నా చెయ్యి బాగానే తిరిగింది. ఇంట్లో కూర్చుని రాస్తే కుమారి తొంగి చూస్తుందని, వేలం షెడ్డులో చేపల వేలం అయిపోయాక గట్టు కడిగించుకుని దాని మీద కూర్చుని రాస్తున్నాను. కాగితానికి నీచు వాసన వస్తే అదీ సంగతి.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెప్తాను. సాయి ప్రియ అంగన్‌వాడీకి వెళ్తోంది. గుడ్డు పెట్టిన రోజు నవ్వుతూ వెళ్తుంది, పెట్టని రోజు టీచరు చెయ్యి కొరుకుతుంది. దాని బుద్ధి అచ్చం నీదే. పడవ ఇంజిను బాగు చేయించారు, ఇప్పుడు గొంతు బాగానే ఉంది. కానాగడత చేపలు ఈ నెల కాస్త పడ్డాయి. మస్తాన్‌రావు మావయ్య ఎలా ఉన్నాడు, హనుమాయమ్మ అత్తయ్య ఎలా ఉందని అడిగావు. ఆ సంగతి చివర్లో రాస్తాను, అక్కడికి రావడానికి నాకు కాస్త సమయం కావాలి.

ఇంకొకటి అడిగావు. "ఫోన్లో మాట్లాడినప్పుడల్లా కుమారి ఎందుకమ్మా అలా రొప్పుతోంది, కడుపుతో ఉన్న మనిషి చేత బరువులు మోయిస్తున్నావా" అని. మోయించానని అనుకున్నావు కదూ! నీకు అది చెప్పిన అబద్ధమేంటంటే, పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి ఫోను ఎత్తానని. పరిగెత్తలేదురా. మంచం మీద కూర్చునే ఎత్తేది. కూర్చున్నా ఆయాసమే. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేది. "ఆయన సముద్రం మీద ఉంటాడత్తా, చెప్తే వల మీద మనసుండదు, చెప్పొద్దు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

కడుపుతో ఉన్నవాళ్ళకి ఆయాసం మామూలే అనుకున్నాను ముందు. ఒక రోజు చేపల గంప కారంచేడులో అమ్మేసి ఇంటికి వచ్చేసరికి, నీళ్ళ బిందె పక్కన పెట్టి గోడ పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు నీలంగా తిరిగాయి. "ఏంటే, ఏమైందే" అంటే మాట రాలేదు. చెయ్యి మాత్రం ఊపింది, ఏం లేదన్నట్టు. వాళ్ళ నాన్నని రేపల్లె నుంచి పిలిపించి, ముగ్గురం తెనాలి గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన స్కానింగు చేసి, "చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరాలు వచ్చేవా" అని అడిగాడు. వాళ్ళ నాన్న అవునండీ అన్నాడు. రేపల్లెలో వేప చెక్క కషాయం పోసి ఊరుకున్నారట. ఆ జ్వరం గుండెలో వాల్వుని పట్టుకుని కూర్చుందిరా ఇన్నేళ్ళూ. దారి ముడుచుకుపోయింది. మామూలు రోజుల్లో నెట్టుకొచ్చింది కానీ, కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ గుండె తట్టుకోలేకపోతోందన్నాడు.

"తొడ దగ్గర నుంచి బెలూన్ పంపించి వాల్వుని వెడల్పు చేయొచ్చమ్మా. ఇప్పుడైతే తల్లీ బిడ్డా ఇద్దరూ బాగుంటారు. ఆలస్యం చేస్తే కాన్పులో నొప్పులకి గుండె ఆగిపోవచ్చు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుందాం అనుకోకండి" అన్నాడు. మంచి మనిషే. ఆరోగ్య కార్డు ఉందా అని అడిగాడు. ఎందుకు లేదు, ఉందండీ అని గర్వంగా సంచీలోంచి తీశాను.

ఆ కార్డు నీకు తెలుసుగా. మీ నాన్న చివరి రోజుల్లో దాని మీదే గుంటూరులో చూపించాం. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని మీద పేరూ, బొమ్మా మారేవి కానీ, ఆసుపత్రిలో పని మాత్రం చేసేది. గుండెకి పెద్ద డాక్టరు దగ్గరికి మనలాంటి వాళ్ళం వెళ్ళగలిగామంటే దాని పుణ్యమే, అబద్ధం ఆడకూడదు. మన రేవులో పుస్తెలు లేని మెడలు ఉన్నాయి కానీ ఆ కార్డు లేని ఇల్లు లేదు.

కౌంటరులో పిల్ల కంప్యూటరులో కొట్టి చూసి, "మీ కార్డు ఆగిపోయిందండి" అంది.

"ఆగిపోవడమేంటమ్మా? మళ్ళీ కొట్టు."

"కొట్టానండి. అనర్హుల ఏరివేతలో పోయింది. మీకు ఇంజిను బోటు ఉందంట కదండి, కుమారి గారి పేరు మీద. బోటు ఓనర్లకి లేదండి ఇప్పుడు."

కుమారి బోటు ఓనరట! అది అక్కడే కుర్చీలో కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది, ఈ పిల్లేమో ఓనరు గారూ అంటోంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే వాళ్ళ నాన్న నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కార్డు లేకుండా రొక్కం కడితే రేపే చేస్తామన్నారు. ఆ అంకె ఇక్కడ రాయను. రాస్తే నువ్వు ఆ బోటు మీద నుంచి దూకేస్తావు.

పడవ దాని పేరు మీద ఎందుకుందో నీకు నేను చెప్పాలా! నువ్వూ, మస్తాన్‌రావు మావయ్యా, కోటిబాబూ, బ్రహ్మానందం నలుగురూ కలిసి ఫైబరు పడవ కొన్న వారమే కుమారి మనింటికి కాపురానికి వచ్చింది. అది వచ్చిన మర్నాడు తీరానికి చందువ చేపలు గుంపుగా కొట్టుకొచ్చాయి. కొత్త కోడలి కాలు మంచిదని రేవంతా అన్నారు. మనలో పడవని ఎవరి డబ్బుతో కొన్నా, కాలు మంచిదనుకున్న ఆడపిల్ల పేరే పెడతాం, పడవ మొహానికి ఆ పిల్ల చేతే పసుపు రాయించి బొట్టు పెట్టిస్తాం. పడవ మీద పేరు రాయించి ఊరుకోవచ్చు కదా. లేదు, కాగితాల్లోనూ అదే పేరు ఉంటేనే కలిసొస్తుందని ఆఫీసులో కూడా కుమారి పేరే రాయించారు నలుగురూ. నేనూ మురిసిపోయాను. రేవులో సగం పడవలు అంతే, కోడళ్ళ పేర్ల మీదే, కూతుళ్ళ పేర్ల మీదే. ప్రభుత్వం వాళ్ళ కంప్యూటరు చూసి, అబ్బో, వాడరేవులో ఇంతమంది మహారాణులున్నారా అనుకుని ఉంటుంది. పడవలో పాలు ఎవరిది, పేరు ఎవరిది అని అడిగే కంప్యూటరు ఎక్కడుందిరా!

తెనాలి నుంచి వచ్చిన మర్నాడే విష్ణువర్ధన్ ఇంటికి వెళ్ళాను. ఓట్లప్పుడు మన గుమ్మంలో కూర్చుని కుమారి చేత కాఫీ పెట్టించుకుని తాగినవాడే. ఇప్పుడు అధికారంలో ఉన్నది వాళ్ళేగా. కుర్చీ వేయించాడు, కాదనను.

"పిన్నీ, మీరు ఓనర్లయ్యారు. సంతోషించాలి గానీ ఏడుస్తావేంటి? అసలైన పేదలకే అందాలని ఏరుతున్నాం. అందరికీ ఇస్తూ పోతే ఖజానా ఏమవ్వాలి?"

"అసలైన పేదలు ఎలా ఉంటారు బాబూ? చూపిస్తే వాళ్ళని చూసి నేర్చుకుంటాను."

"నీ నోటికి దణ్ణం పిన్నీ. అప్పీలు పెట్టుకో, ఆరు నెలల్లో తేలిపోద్ది."

"ఆరు నెలలకి మనవడి అన్నప్రాసన కూడా అయిపోద్దిగా. వాళ్ళమ్మ ఫొటోకి దండేసి చేసుకుంటాం" అన్నాను. అతనికి కోపం వచ్చింది. రానీ.

అవతలి పార్టీ వాళ్ళు నేను వెళ్ళక్కర్లేకుండానే వచ్చారు. కార్డుల తొలగింపు మీద బాపట్ల కలెక్టరాఫీసు ముందు ధర్నా అట. "కోడల్ని కూడా తీసుకురామ్మా, ముందు వరసలో కూర్చోబెడదాం. కడుపుతో ఉంది కదా, టీవీలో బాగా పడుతుంది" అన్నాడు ఒకడు. "ఎండలో కూర్చుంటే అక్కడే పోద్ది బాబూ" అన్నాను. వాడు ఒక్క క్షణం ఆలోచించాడురా! నా కళ్ళారా చూశాను, పోతే ఎలా ఉంటుందా అని ఆలోచించాడు. చీపురు తీసుకున్నాను. వాళ్ళ ప్రభుత్వం ఉన్నప్పుడు ఆసుపత్రులకి డబ్బులు కట్టక వైద్యం ఆగిపోయిన రోజులు నాకు గుర్తు లేవనుకున్నారు కాబోలు.

ఇంకా చేదైనదేంటంటే, కారంచేడులో ప్రతి వారం నా దగ్గర వంజరం కొనే పెద్దావిడ ఒకావిడ ఉంది. చేప కోయించుకుంటూ, "దొంగ కార్డులన్నీ తీసేస్తున్నారంట సుబ్బరత్నం, మంచి పనే. మా పన్నులన్నీ ఈ కార్డులకే పోతున్నాయి" అంది. నేను తల ఊపాను. చేప అమ్ముడుపోవాలి కదా. గంపెత్తుకుని రోడ్డెక్కాక ఆ తల ఊపినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. కుమారి గోడ పట్టుకుని నిలబడటం, నేను తల ఊపడం, రెండూ పక్కపక్కనే కనిపించాయి.

ఆ సాయంత్రం పడవలో పాలివాళ్ళని ముగ్గుర్నీ మనింటికి పిలిచాను. విషయం చెప్పాను. పడవ మీద కుమారి పేరు తీసేయాలి, వేరే ఎవరి పేరైనా ఎక్కించాలి, అప్పుడు కార్డు తిరిగొస్తుందని ఆ కౌంటరు పిల్ల చెప్పిందన్నాను. ఎక్కించినవాళ్ళ కార్డు ఏమవుతుందో అప్పటికి నాకూ తట్టలేదు. కోటిబాబు ముందు కీడు అన్నాడు, పడవకి పేరు మారిస్తే సముద్రం ఊరుకోదన్నాడు. తర్వాత నాకు మాత్రం పేరు వద్దన్నాడు. వాడు విష్ణువర్ధన్ వెనక తిరుగుతాడుగా, వాడికి అప్పటికే అంతా తెలుసునని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. బ్రహ్మానందం కోటిబాబు ఏమంటే అదే. మస్తాన్‌రావు మావయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"పిల్ల ప్రాణం కన్నా పేరు ఎక్కువేంట్రా? అక్కా, నా పేరుకి రాయించెయ్. రేపే వెళ్దాం" అన్నాడు.

నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. నాకు తోడబుట్టినవాళ్ళు లేరని నీకు తెలుసు. మీ నాన్న పోయినప్పుడు నీకు వల వేయడం నేర్పిందీ ఆయనే, నాకు తమ్ముడిలా నిలబడిందీ ఆయనే.

కుమారికి ఇప్పుడు ఎలా ఉందో ముందు చెప్పేస్తాను, నీ ప్రాణం కుదుట పడుతుంది. కార్డు తిరిగొచ్చింది. తెనాలిలోనే బెలూన్ వేశారు. నీకు చెప్పకుండా చేయించామని కోప్పడకు, సంతకం నేనూ, మీ మామగారూ పెట్టాం. అది థియేటరులోకి వెళ్ళేటప్పుడు "అత్తా, సాయి ప్రియకి జడ వేయడం మర్చిపోకు" అంది. ఇప్పుడు పడుకుని నిద్రపోతోంది. ఈ మాట నీకు చిన్నదిగా కనిపిస్తుందేమో కానీ, దాన్ని పడుకోబెట్టి నిద్రపోగా చూసి నేను వాకిట్లోకి వచ్చి ఏడ్చాను. కడుపులో బిడ్డ తిరుగుతోందట, డాక్టరు చెప్పాడు. కాన్పు అయ్యేదాకా ప్రతి నెలా చూపించుకోవాలి, కాన్పు కూడా గుండె డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. అంటే కాన్పు అయ్యేదాకా ఆ కార్డు ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇప్పుడు నువ్వు అడిగిన ఆ రెండో సంగతి.

మేం పడవ పేరు మార్చడానికి బాపట్ల ఆఫీసుకి వెళ్ళాం, నేనూ మస్తాన్‌రావూ. ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి, కాగితాలు పట్టుకుని నేను లోపలికి వెళ్ళాను. ఆయనకి చదువు రాదుగా, ఎక్కడికి వెళ్ళినా కాగితాల పని నాదే. లోపల ఆఫీసరమ్మ చిన్న వయసు, నెమ్మదైన మనిషి. కాగితాలన్నీ చూసి తలెత్తి అడిగింది.

"ఈయన పేరు ఎక్కితే ఈయన కార్డు పోతుందండి, వచ్చే నెల నుంచి. ఇంట్లో ఎవరికైనా వైద్యం జరుగుతుంటే ఇబ్బంది పడతారు. ఈ సంగతి ఆయనకి చెప్పారా అమ్మా?"

హనుమాయమ్మ అత్తయ్య రెండేళ్ళ నుంచి ఆయన కార్డు మీదే, ఆ బాపట్లలోనే డయాలసిస్ చేయించుకుంటోందని నీకు తెలుసు. నాకూ తెలుసు. ఒక్క విడత తప్పితే ఆవిడ కాళ్ళూ మొహం ఎలా పొంగుతాయో రేవంతా తెలుసు. మస్తాన్‌రావు పేరు కాగితం మీద చూస్తూ, ఆవిడ మొహం గుర్తొచ్చింది నాకు. గుర్తు రాలేదని రాస్తే అది ఇంకో అబద్ధం. నేను బయటికి వెళ్ళి ఆయనతో చెప్పి ఉంటే, ఆయన వేలిముద్ర వేసేవాడు కాదు. వేయమని ఏ మొహంతో అడుగుతాను? కోటిబాబు చేత వేయించాలంటే ఇంకో పంచాయితీ, ఇంకో నెల. కుమారి దగ్గర ఆ నెల లేదు.

"చెప్పానండి" అన్నాను.

ఆవిడ మస్తాన్‌రావుని లోపలికి పిలిచింది. ఆయన లుంగీకి చెయ్యి తుడుచుకుని వేలు పెట్టాడు. బయటికొచ్చాక నాకు జ్యూసు తాగించాడు. "పిల్ల బతికింది పోక్కా" అన్నాడు. ఆ జ్యూసు తాగానురా నేను.

నెల తిరిగేసరికి బాపట్లలో హనుమాయమ్మ వదినని సూది గుచ్చకుండానే పంపేశారు. ఇంటికొచ్చి, "సర్వరు పనిచేయట్లేదంట వదినా, ఎల్లుండి రమ్మన్నారు" అంది నాతో. అలాగా అన్నాను. ఎల్లుండి వెళ్తే అసలు సంగతి చెప్పారు, బోటు ఓనరు ఇల్లు కాబట్టి లేదని. ఆ సాయంత్రం మస్తాన్‌రావు మనింటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. నాకు తెలిసిపోయింది. ఆయన అరుస్తాడనుకున్నాను, నన్ను జుట్టు పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకున్నా బాగుండేది.

"మనకేం తెలుసక్కా, ఇలా మెలిక పెడతారని! తెలిస్తే నువ్వు చెప్పకుండా ఉంటావా?" అన్నాడు.

నేను మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళాను. చాలాసేపు బయటికి రాలేకపోయాను.

పడవని ఇంకెవరైనా తమ పేరున పెట్టుకోమని అడిగాం. ఎవరు పెట్టుకుంటారు? ఇప్పుడు రేవంతా తెలిసిపోయింది. ఒకప్పుడు పడవ మా కోడలి పేరంటే మా కూతురి పేరని పోట్లాడుకున్నవాళ్ళు, ఇప్పుడు చచ్చిపోయిన తాతల పేర్ల మీద పడవలు ఎక్కించొచ్చా అని అడుగుతున్నారు. అమ్మేద్దామంటే కొనేవాడికీ పేరు అంటుకుంటుంది. కోటిబాబు మన వాకిలి దాటేటప్పుడు తల తిప్పుకుంటున్నాడు. విష్ణువర్ధన్ మాత్రం వచ్చి, "చూశావా పిన్నీ, నీ కార్డు వచ్చేలా చేశాం" అని ఫొటో తీయించుకోమన్నాడు. పెద్దాసుపత్రిలో డయాలసిస్ ఉంది కానీ వరస ఉంది. ముందున్నవాళ్ళు ఎవరైనా తప్పుకుంటేనే మనకి చోటు. తప్పుకోవడం అంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు. అంతవరకు డబ్బు కట్టి చేయించుకోవాలి. వారానికి మూడు సార్లు జరగాల్సింది ఇప్పుడు ఒక్కసారే జరుగుతోంది. వదిన కాళ్ళు పొంగాయి. అయినా కర్ర పట్టుకుని వచ్చి, కుమారి మంచం మీద కూర్చుని దాని పొట్ట మీద చెయ్యి వేసి చూస్తుంది, బిడ్డ తంతున్నాడా అని. కుమారికి ఏమీ తెలియదు. "అత్తయ్యకి ఏమైనా మంచి చేపల పులుసు పెట్టవా అత్తా" అంటుంది. ఆవిడ చేపల పులుసు తినకూడదని కూడా దానికి తెలియదు.

వదినకి డబ్బు కావాలి కదా, అందుకే మస్తాన్‌రావు మంగళూరు బోట్ల పనికి బయలుదేరాడు. ఈ వయసులో! ఇక్కడ తన పడవ మీద తనే కూర్చుని కేకలు వేసే మనిషి, అక్కడ ఎవరో కుర్రాడి మాట విని వల లాగుతాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. నీ బోటులోనే పని ఇప్పించు. రాత్రి చలిగాలికి ఆయనకి మోకాళ్ళు పట్టేస్తాయి, కింద పడుకోబెట్టకు.

ఉత్తరం ఆయన చేతికి ఇచ్చానంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. నువ్వు విప్పగానే ఎదురుగా కూర్చుని, "గట్టిగా చదవరా అల్లుడూ, అక్క ఏం రాసిందో విందాం" అంటాడు. మొన్న నీ ఉత్తరం వచ్చినప్పుడు ఇక్కడ నా చేత అలాగే చదివించుకున్నాడు. రెండు ఉత్తరాలు రాద్దామా అనుకున్నాను ముందు, ఆయన ముందు చదవడానికి ఒకటి, నీకు విడిగా ఒకటి. ఇన్ని రోజులు రోజూ ఆయన మొహం చూస్తూ నోరు విప్పలేనిదాన్ని, నీ నోటితో చెప్పిస్తున్నాను. పిరికిదాన్నేరా, అనుకో. అందుకే ఒక్కటే రాశాను. మధ్యలో ఎక్కడైనా చదవడం ఆపేసి ఉంటావు. నిన్ను నేను కన్నాను, ఎక్కడ ఆపావో కూడా చెప్పగలను. వెనక్కి వెళ్ళు. బాపట్ల ఆఫీసు దగ్గర నుంచి మళ్ళీ చదువు, ఒక్క మాట వదలకుండా. ఆ తర్వాత ఇది చదువు.

తమ్ముడూ, మస్తాన్‌రావూ. నాకు తెలుసయ్యా. ఆ రోజే తెలుసు. ఆవిడ అడిగింది, నేను చెప్పానని అబద్ధం ఆడాను, నువ్వు బయట బల్ల మీద కూర్చుని ఉన్నావు. ఎవరినో తిట్టుకుంటూ ఈ ఉత్తరం సగం నింపాను కానీ, కార్డు తీసేసింది వాళ్ళు, నీ చేతిలోంచి తీసి వాళ్ళకి ఇచ్చింది నేను. కుమారి కాన్పు అయిన మర్నాడు బాపట్ల వెళ్ళి పడవ నా పేరున రాయించుకుంటాను. అప్పటికి నాకు ఏ రోగం వచ్చినా ఫరవాలేదు. కానీ కాన్పు కాకముందు మార్చను. మా ఇద్దరిదీ ఒకటే కార్డు, మారిస్తే మళ్ళీ దానికి పోతుంది. అంతవరకు హనుమాయమ్మ వదినని ఓర్చుకోమని అడుగుతున్నాను. ఇది అడగడానికి మొహం ఉండాలి. లేదు. అయినా అడుగుతున్నాను. నువ్వు వెనక్కి వచ్చేసి నలుగురిలో నన్ను నిలబెట్టి అడిగినా నిలబడతాను. ఆ ఆఫీసులో నన్ను మళ్ళీ కూర్చోబెట్టి, బయట కుమారిని ఆ నీలం పెదాలతో నిలబెట్టి అడిగితే, చెప్పానండి అనే అంటాను. అందుకే క్షమించమని రాయడం లేదు.

ఇట్లు,
బ్రహ్మాజీకి అమ్మ, నీకు అక్క,
సుబ్బరత్నం